ప్రభుత్వం అడ్డుపడుతుందని తెలిస్తే యాజమాన్యం చర్చలకెందుకొస్తుంది?

ఎయిర్ కెనడాలో పదివేల మందికి పైగా క్యాబిన్ సిబ్బంది 2025 ఆగస్టు 16న సమ్మెకు దిగితే, పన్నెండు గంటలు తిరక్కుండానే కెనడా ఫెడరల్ మంత్రి పాటీ హైడూ అక్కడి లేబర్ కోడ్ 107వ సెక్షన్ బయటికి తీశారు. పనిలో చేరండి, మిగతాది ఆర్బిట్రేషన్‌లో, అంటే మూడో మనిషి ఇచ్చే తీర్పులో తేలుతుందన్నారు. పార్లమెంటులో చర్చ లేదు, ఓటింగూ లేదు.

ఇంతకీ వాళ్లు అడిగిందేమిటి? ప్రయాణికులను ఎక్కించాలి, బ్యాగులు పైన సర్దించాలి, అత్యవసర పరికరాలన్నీ సరిచూడాలి. ఇంత చేసినా విమానం కదిలే దాకా జీతం లెక్క మొదలే కాదు. ఆ పనికీ జీతం ఇవ్వమన్నారు. సగం రేటు ఇస్తామంది సంస్థ. పని మొత్తం చేయించుకుని సగమే ఇస్తామనడం న్యాయమా?

సమ్మె మొదలుకాకముందే జోక్యం చేసుకోమని ప్రభుత్వాన్ని కోరింది కూడా యాజమాన్యమే. మంత్రి సంతకం చేస్తారన్న ధీమా ఉన్నవాళ్లు బేరం దగ్గర ఒక్క మెట్టయినా ఎందుకు దిగుతారు? 2024లో రైల్వేల్లో, రేవుల్లో, కెనడా పోస్టులో కూడా ఇదే సెక్షన్ వాడారు. యాజమాన్యాలకు అది అలవాటైపోయింది.

రోజుకు లక్షా ముప్పై వేల మంది ప్రయాణికుల అవస్థ మాటేమిటని అడుగుతారు. అవస్థ నిజమే. కానీ దాన్ని తీర్చింది ఆదేశం కాదు. సమ్మె చట్టవిరుద్ధమని కెనడా పారిశ్రామిక సంబంధాల బోర్డు ప్రకటించినా సిబ్బంది కదల్లేదు. ఆగస్టు 19 వేకువన మధ్యవర్తి సమక్షంలో ఒప్పందం కుదిరాకే విమానాలు లేచాయి. అందులోని వేతనాల భాగాన్ని 99 శాతం ఓట్లతో తిరస్కరించారంటే ఆ ఆక్రోశం ఎంత లోతైనదో తెలుస్తుంది.

మన దగ్గర ఆదేశం దాకా కూడా పోనక్కర్లేదు. సమ్మెకు పద్నాలుగు రోజుల నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక అధికారి రాజీ చర్చలకు పిలుస్తాడు. ఆ చర్చలు సాగినన్నాళ్లూ, ముగిశాక మరో ఏడు రోజులూ సమ్మె నిషిద్ధం. సమ్మె చేస్తామని చెప్పడమే సమ్మెకు అడ్డంకి! 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సిబ్బంది మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టారంటే ఆశ్చర్యమేముంది? పాతిక మందిని తీసేసిన సంస్థ, లేబర్ కమిషనర్ దగ్గర కూర్చున్నాక తిరిగి తీసుకుంది.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం విమానయానం లాంటి ప్రజోపయోగ సేవలకు పెట్టిన ఈ బిగింపును, 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అన్ని పరిశ్రమలకూ తగిలించింది. సగం మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. శంషాబాద్‌లో విమానమెక్కే సిబ్బందికే కాదు, పటాన్‌చెరు ఫ్యాక్టరీ కార్మికుడికీ ఇప్పుడు ఇదే చట్టం.