కింగ్‌ఫిష్ ఆకాశం నుంచి ఊడిపడలేదు

క్రిస్టోన్ ‘కింగ్‌ఫిష్’ ఇంగ్రామ్ పేరు ఎక్కడ రాసినా, అమెరికా నల్లజాతీయుల సంగీతమైన బ్లూస్‌ను బతికించడానికే పుట్టాడన్న తోక ఒకటి తగిలిస్తున్నారు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి చెందిన ఈ కుర్రాడు 20 ఏళ్లకు తొలి ఆల్బమ్ తెచ్చాడు. రెండో ఆల్బమ్ ‘662’తో 2022లో గ్రామీ కొట్టాడు. గిటార్ మీద అతని పట్టు చూస్తే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. నా పేచీ అల్లా ఆ తోకతో పాటు వచ్చే ‘బాల మేధావి’ అన్న బిరుదుతోనే. పొగడ్తలా వినిపిస్తుంది గానీ, ఆ పిల్లాణ్ణి తీర్చిదిద్దినవాళ్ల పేర్లను అది నిశ్శబ్దంగా కొట్టేస్తుంది.

1999లో పుట్టిన ఇంగ్రామ్‌ది క్లార్క్స్‌డేల్. తల్లివైపు వాళ్లది చర్చిలో గాస్పెల్ పాడే కుటుంబం. తండ్రి ఒకరోజు బ్లూస్ దిగ్గజం మడ్డీ వాటర్స్ మీద తీసిన డాక్యుమెంటరీ చూపించాడు. తర్వాత పిల్లాణ్ణి ఊళ్లోనే ఉన్న డెల్టా బ్లూస్ మ్యూజియంలో సంగీత తరగతులకు చేర్చారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది, మనవాళ్లు ఎగరగొట్టేసేదీ ఆ భాగాన్నే.

ఆ మ్యూజియం పాత రైల్వే గూడ్స్ డిపోలో ఉంటుంది. మడ్డీ వాటర్స్ ఒకప్పుడు నివసించిన చెక్క ఇంటిని లోపల భద్రపరిచారు. అదే సంస్థ ఊరి పిల్లలకు వాయిద్యాలు నేర్పుతుంది. బిల్ ‘హౌలిన్ మ్యాడ్’ పెరీ, రిచర్డ్ ‘డాడీ రిచ్’ క్రిస్మన్ అక్కడ పాఠాలు చెప్పిన గురువులు. కింగ్‌ఫిష్ అన్న పేరు పెట్టింది పెరీయే. ఇంగ్రామ్ ముందు పట్టింది డ్రమ్స్, ఆ తర్వాత బాస్, చివరికి గిటార్. ఈ వరస చాలా ముఖ్యం. గదిలో ఒంటరిగా కూర్చుని వీడియోలు చూసి నేర్చుకున్న కుర్రాడికి వేగం రావచ్చు. ఎక్కడ ఆగాలో మాత్రం బృందంలో కూర్చుని, పక్కవాడి తాళం వింటూ చేసే సాధనలోనే ఒంటబడుతుంది.

నమ్మకం లేకపోతే 2019లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో ‘ఫ్రెష్ అవుట్’ వినండి. ఎదురుగా ఉన్నది బ్లూస్ గిటార్ దిగ్గజం బడ్డీ గై, అప్పటికి 82 ఏళ్లు. అలాంటి పెద్దాయన పక్కన కుర్రాడెవడైనా తన సత్తా అంతా ఒక్కసారే కుమ్మరించేస్తాడు. ఇంగ్రామ్ ఆ పని చేయడు. పెద్దాయన పాడుతుంటే చోటిస్తాడు, తన వంతు వచ్చాకే తీగ సాగదీస్తాడు. జన్మతః వచ్చే గుణం కాదది. క్లార్క్స్‌డేల్ క్లబ్బుల్లో పెద్దవాళ్ల పక్కన నిలబడి వాయిస్తే పట్టుబడిన మర్యాద.

అదే తరగతులకు వెళ్లిన మిగతా పిల్లలంతా కింగ్‌ఫిష్‌లు కాలేదు కదా అంటారు. నిజమే, కాలేదు. కానీ తరగతే లేకపోతే ఈ ఒక్కడూ ఉండేవాడు కాదు. పైగా ఆ ఊరి క్లబ్బుల్లో ఆడే ఆంథనీ ‘బిగ్ ఎ’ షెరాడ్ లాంటివాళ్లూ గురువుల చేతుల్లోంచి వచ్చినవాళ్లే. షెరాడ్‌కు నేర్పిన జానీ బిల్లింగ్టన్ వృత్తిరీత్యా కార్ల మెకానిక్.

గురువును మరిచి విద్యను వరంగా చెప్పుకునే ఈ జబ్బు బ్లూస్‌కు కొత్త కాదు. తొలితరం బ్లూస్ గాయకుడు, గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ నాలుగు రోడ్ల కూడలిలో దెయ్యానికి ఆత్మను అమ్ముకుని విద్య సంపాదించాడన్న కథ ఇప్పటికీ నడుస్తోంది. క్లార్క్స్‌డేల్‌లో 61, 49 నంబరు హైవేలు కలిసే చోట గిటార్ల బొమ్మలు నిలబెట్టి మరీ పర్యాటకులను పిలుస్తున్నారు. జాన్సన్ నిజంగా చేసింది వేరు. ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారిస్టు దగ్గర చేరి, రాత్రిళ్లు శ్మశానంలో కూర్చుని సాధన చేశాడు. దెయ్యం పేరు ప్రపంచమంతా తెలుసు, జిమ్మర్‌మన్ పేరు ఎందరికి తెలుసు? గురువుకు జీతం ఇవ్వాలి, తరగతికి గది కట్టాలి, డ్రమ్స్ కొనాలి. దెయ్యం అయితే పైసా అడగదు! వరప్రసాదం కథ పాలకులకు అందుకే అంత ముద్దు.

2014 నవంబరులో ఈ మ్యూజియం విద్యా కార్యక్రమానికి జాతీయ యువజన కళా పురస్కారం దక్కింది. ఆ సందర్భంగా 15 ఏళ్ల ఇంగ్రామ్ తోటి విద్యార్థులతో కలిసి శ్వేతసౌధంలో మిషెల్ ఒబామా ఎదుట వాయించాడు. అంతకు ముందు ఏడాది మ్యూజియాలు, గ్రంథాలయాలకు నిధులిచ్చే ఫెడరల్ సంస్థ నుంచి ఈ మ్యూజియానికి జాతీయ పతకం అందింది. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్, చట్టం అనుమతించినంత మేర అదే ఫెడరల్ సంస్థను కుదించాలని ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఇంగ్రామ్‌ను బ్లూస్ రక్షకుడని ఆకాశానికెత్తే కలాలు, ఆ ఉత్తర్వు మీద ఒక్క పేరా అయినా ఖర్చు పెట్టాలి కదా. రేపు డ్రమ్స్ దగ్గర కూర్చోవలసిన ఆరేళ్ల పిల్లాడు ఇప్పటికే అక్కడెక్కడో ఉండి ఉంటాడు.