కోచ్ మారితే ద్రోహం కాదు, గెలుపు మంత్రమూ కాదు

ప్రతి ఏడూ మార్చిలో ప్రపంచ చాంపియన్‌షిప్ అయిపోగానే మంచు మీద జంటగా స్కేటింగ్ చేసే ఐస్ డాన్స్‌లో బదిలీల కాలం మొదలవుతుంది. ఫలానా జంట ఫలానా కోచ్‌ని వదిలేసింది, సామాన్లు సర్దుకుని కెనడాలోని మాంట్రియాల్ వెళ్ళిపోయింది అని వార్త వస్తుంది. వెంటనే జనం రెండు రకాలుగా మాట్లాడతారు. ఇన్నేళ్ళు నేర్పిన మనిషిని పతకం కోసం వదిలేశారని కొందరు, ఇక పతకం ఖాయమని ఇంకొందరు. నాకు ఈ రెండు మాటలూ మింగుడుపడవు. వెళ్ళిన చోట ఆ ఇద్దరూ తమ డాన్సు ఎలా ఉండాలో తామే కూర్చుని తేల్చుకున్నారా, లేక ఇన్నాళ్ళూ ఒకరు చెప్పింది చేసి ఇప్పుడు ఇంకొకరు చెప్పింది చేస్తున్నారా అన్నది ఎవరూ అడగరు. నేను చూసేది మాత్రం అదే.

ఈ ఆట గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఐస్ డాన్స్‌లో పెద్ద పెద్ద గెంతులుండవు, ఒక చుట్టు దాటి తిరిగే జంప్ నిషేధం, అమ్మాయిని గాల్లోకి విసరడం కుదరదు, పెయిర్స్ అనే ఇంకో జంట స్కేటింగ్‌లోలాగా చేతులు పూర్తిగా చాచి తలపైన ఎత్తి పట్టుకోవడమూ కుదరదు. మామూలు లిఫ్ట్, అంటే ఒకరు ఇంకొకరిని ఎత్తి పట్టుకోవడం, ఏడు సెకన్లలో ముగిసిపోవాలి. ఇక మిగిలేది బ్లేడ్ అంచు మీద ఎంత లోతుగా వంగుతున్నారు, ఎంత దగ్గరగా ఉండి ఎంత వేగంగా పోతున్నారు, పాటలో ఉన్నది ఒంట్లోకి వచ్చిందా లేదా. అందుకే ఇక్కడ శైలి అన్నది పైపై అలంకారం కాదు, సగం ఆట అదే. కోచ్ చెయ్యి కూడా ఇంకే స్కేటింగ్‌లోనూ కనపడనంత స్పష్టంగా ఇందులో కనపడుతుంది. కాస్త అలవాటైనవాళ్ళు మోకాలు వంచే తీరు, చేతులు విప్పే తీరు చూసి వీళ్ళు ఏ రింక్ (స్కేటింగ్ చేసే మంచు మైదానం) నుంచి వచ్చారో చెప్పేస్తారు.

అమెరికాలోని డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకి ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. నోవైలో మన వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, కాంటన్‌లో మనవాళ్ళ ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. సుమారు పదేళ్ళపాటు ప్రపంచ ఐస్ డాన్స్‌కి రాజధాని అంటే ఈ చుట్టుపక్కల ఊళ్ళే. కాంటన్‌లోని ఆర్కిటిక్ ఎడ్జ్ అనే రింక్‌లో ఇగోర్ ష్పిల్‌బాండ్, మరీనా జువేవా కలిసి నేర్పేవాళ్ళు. 2010 వాంకోవర్ ఒలింపిక్స్‌లో బంగారం కెనడా జంట టెస్సా వర్చూ, స్కాట్ మోయర్‌లకి, వెండి అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్‌లకి వచ్చింది. రెండు జంటలూ పొద్దున్నే వచ్చి ఎక్కేది ఒకే మంచు మీదకి. మరుసటి ఏడాది మాస్కోలో జరిగిన ప్రపంచ పోటీల్లో మూడు పతకాలూ ఈ కోచ్‌ల శిష్యులకే. తర్వాత 2012 వేసవిలో ఇద్దరు కోచ్‌లూ విడిపోయారు. పెద్ద జంటలు జువేవాతో కాంటన్‌లో ఉండిపోయాయి. అప్పటికి ఒక్క ఏడాది క్రితమే జతకట్టిన మాడిసన్ చాక్, ఇవాన్ బేట్స్ మాత్రం ష్పిల్‌బాండ్ వెంట నోవై వెళ్ళారు. నేను ప్రధానంగా చెప్పాలనుకున్నది ఈ జంట గురించే.

నోవైలో వాళ్ళకి మంచే జరిగింది, ఆ మాట దాచక్కర్లేదు. 2015లో షాంఘైలో ప్రపంచ వెండి, 2016లో బోస్టన్‌లో కంచు. లిఫ్ట్‌లు గట్టివి, ఇద్దరూ పొడగరులు, మంచు మీద అందంగా ఉండేవాళ్ళు. కానీ ఆ రోజుల ప్రోగ్రాములు గుర్తు చేసుకుంటే నాకు శుభ్రంగా చేసిన మంచి పనే గుర్తొస్తుంది తప్ప వీళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు అనిపించిన క్షణం గుర్తురాదు. తర్వాత మెల్లగా కిందికి జారారు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ ఫ్రీ డాన్స్‌లో (జంట తనకి నచ్చిన సంగీతానికి చేసే రెండో భాగం) గిర్రున తిరిగే స్పిన్‌లోకి వెళ్తూ ఇద్దరి బ్లేడ్లూ తగిలి ఇద్దరూ పడిపోయారు, తొమ్మిదో స్థానం. పైగా ఆమెకి పాదం గాయం, ఆపరేషన్. చాలామంది అక్కడితో ఆపేసేవాళ్ళు. వాళ్ళు ఆ వేసవిలో కోచ్‌ని మార్చారు. వెళ్ళింది ఎక్కడికి? షాంఘైలో తమని ఓడించిన గాబ్రియెల్లా పపడాకిస్, గియోమ్ సిజెరాన్ సాధన చేసే మాంట్రియాల్‌కే.

ఇక్కడ అసలు ప్రమాదం ఉంది. మాంట్రియాల్‌లో మరీ-ఫ్రాన్స్ డుబ్రోయ్, పాట్రిస్ లోజాన్, వాళ్ళతో రొమెయిన్ హాగ్నావర్ నడిపే అకాడమీకి అప్పటికే ఒక ముద్ర ఉంది. పపడాకిస్, సిజెరాన్ 2014 ప్రపంచ పోటీల్లో పదమూడో స్థానంలో ఉన్నారు, హాగ్నావర్‌తో పాటు ఫ్రాన్స్ వదిలి మాంట్రియాల్ వచ్చి ఒక్క ఏడాదిలో ప్రపంచ విజేతలయ్యారు. మెత్తగా, ఎక్కడా ఆగకుండా, ఊపిరి తీసినంత తేలిగ్గా జారుతూ పోయే డాన్సు వాళ్ళది. అది చూసి లోకమంతా మాంట్రియాల్ దారి పట్టింది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కి వచ్చిన 23 జంటల్లో దాదాపు సగం ఈ ఒక్క అకాడమీవే. ఫలితం ఏమిటంటే కొన్నేళ్ళు ఏ పోటీ చూసినా నెమ్మదైన పియానో, లేత రంగు గౌను, కళ్ళు మూసుకుని మెడ వెనక్కి వాల్చడం. ఒక్కో జంటని విడిగా చూస్తే బాగుంటుంది, వరసగా అయిదు జంటల్ని చూస్తే ఎవరు ఎవరో గుర్తుండదు. దీనికి కోచ్‌ల్ని మాత్రమే తప్పుపట్టను. జడ్జీలు ఆ పద్ధతికి మార్కులు వేస్తుంటే ఇరవై ఏళ్ళ పిల్లలు ఇంకొకటి ఎందుకు ప్రయత్నిస్తారు?

చాక్, బేట్స్ కూడా అలా కరిగిపోయేవాళ్ళే అనుకున్నవాళ్ళు ఉన్నారు. అలా జరగలేదు. 2019-20 సీజన్‌లో వాళ్ళు ఈజిప్టు సంగీతంతో పాము నాట్యం తెచ్చారు. ఆమె పాము, అతను ఆ మాయలో చిక్కుకున్న మనిషి. మాంట్రియాల్ నేర్పిన మెత్తని మోకాలు, ఎడతెగని జారుడు అందులో ఉన్నాయి, కానీ వాటిని వాడుకున్నది విరహానికి కాదు, పాము మెలికలకి. ఆ ఏడాది అమెరికా టైటిల్ మళ్ళీ గెలిచారు, 2015 తర్వాత అదే. ఆ తర్వాత ఒలింపిక్ సీజన్‌లో ఇంకా ముందుకి పోయారు, డాఫ్ట్ పంక్ అనే బృందం సంగీతానికి ఆమె వేరే గ్రహం నుంచి వచ్చిన ప్రాణి, అతను వ్యోమగామి. ఒలింపిక్ ఏడాదిలో అందరూ భద్రంగా ఉండే పాట వెతుక్కుంటారు, వీళ్ళు గ్రహాంతర కథ చెప్పారు! ఆ దుస్తుల ఆలోచన కూడా చాక్‌దే, తమ దుస్తులు ఎలా ఉండాలో గీసుకునేది ఆమే, ఇది చిన్న విషయం అనుకోవద్దు. ఏం కట్టుకోవాలో, ఎవరిగా కనపడాలో తనే నిర్ణయించుకునే డాన్సర్‌కీ, ఎవరో కుట్టించి ఇచ్చినది తొడుక్కునే డాన్సర్‌కీ మంచు మీద నిలబడే తీరులోనే తేడా ఉంటుంది.

బీజింగ్‌లో వ్యక్తిగత పోటీలో నాలుగో స్థానం వచ్చింది. టీమ్ పోటీలో మాత్రం ఇదే ఫ్రీ డాన్స్‌తో ఆ విభాగంలో మొదటి స్థానం తెచ్చారు. ఆ టీమ్ బంగారం వాళ్ళ చేతికి వచ్చేసరికి 2024 ఆగస్టు అయింది, పారిస్‌లో ఇచ్చారు, రష్యా అమ్మాయి డోపింగ్ కేసు తేలి అమెరికా టీమ్‌కి మొదటి స్థానం దక్కడానికి అంతకాలం పట్టింది. ప్రపంచ టైటిల్ 2023లో జపాన్‌లోని సైతామాలో వచ్చింది, జతకట్టిన పన్నెండేళ్ళకి. తర్వాత 2024, 2025 కూడా వాళ్ళవే. మాంట్రియాల్ వెళ్ళిన అయిదేళ్ళకి గెలిచారు అన్న సంగతి గమనించండి. కోచ్ మారగానే గెలుపు అనేవాళ్ళకి ఈ అయిదేళ్ళు చూపించాలి.

అసలు కోచ్ మారడం అంటే ఏమిటో బయటివాళ్ళకి అర్థం కాదనుకుంటాను. ఇద్దరి మధ్య దూరం ఎంతుండాలి, చెయ్యి ఎక్కడ పట్టుకోవాలి, పక్కపక్కన తిరుగుతూ పోయే ట్విజిల్స్‌లోకి ఏ లెక్క మీద దిగాలి, అన్నీ ఒంటికి పట్టిపోయి ఉంటాయి. వాటిని విప్పి మళ్ళీ కట్టాలి, అదీ వేసవిలోనే, అక్టోబర్‌లో గ్రాండ్ ప్రీ పోటీల వరస మొదలయ్యేలోపు. మొదటి సీజన్ అటూ ఇటూ కాకుండా కనపడటం సహజం. మార్కులు తగ్గొచ్చు కూడా. ఆ ఒక్క సీజన్ చూసి తీర్పు చెప్పేవాళ్ళ మాట నేను పట్టించుకోను.

కొత్త శైలి కావాలని తొందరపడితే ఏమవుతుందో కూడా మనం చూశాం. రష్యా జంట ఒక్సానా డోమ్నినా, మాక్సిమ్ షబాలిన్ 2008లో కోచ్‌ని మార్చి అమెరికా వచ్చారు, పెన్సిల్వేనియాలో నటాలియా లినిచుక్ దగ్గర చేరి మరుసటి ఏడాదే ప్రపంచ టైటిల్ గెలిచారు. 2009-10లో, అప్పట్లో అందరూ ఇచ్చిన అంశం మీదే చెయ్యాల్సిన ఒరిజినల్ డాన్స్‌కి జానపదం అన్న అంశం ఇచ్చారు. వాళ్ళు ఆస్ట్రేలియా ఆదివాసుల నాట్యం అని చెప్పి ఒంటి మీద తెల్ల చారలు, ఆకులు వేసుకుని వచ్చారు. ఆదివాసీ నాయకులు బాధపడి గట్టిగా అభ్యంతరం చెప్పారు, ఒలింపిక్స్‌కి దుస్తులు కొంత మార్చుకున్నా ఆ మచ్చ పోలేదు. అదే సీజన్‌లో, అదే అంశానికి, మన కాంటన్ రింక్ నుంచి డేవిస్, వైట్ హిందీ సినిమా పాటలకి భారతీయ నృత్యం చేశారు. అది చూసి ఇక్కడి భారతీయులు ఎంత సంబరపడ్డారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది శాస్త్రీయం కాదు, సినిమా డాన్సే, అయినా మన నృత్యం తెలిసిన టీచర్ దగ్గర కూర్చుని చేతులు, మెడ, కళ్ళు ఎలా కదలాలో నేర్చుకుని చేశారు. రెండు జంటలూ తమది కాని దాన్నే తెచ్చుకున్నాయి. ఒకరు దాని మనుషుల దగ్గరికి వెళ్ళి నేర్చుకున్నారు, ఒకరి ప్రోగ్రామ్‌లో ఆ మనుషుల ఊసే కనపడలేదు.

అలాగని కోచ్‌ని మారిస్తేనే శైలి వస్తుందని ఎవరైనా అంటే టొరంటో వైపు చూడమంటాను. కెనడా జంట పైపర్ గిల్లిస్, పాల్ పొయిరియే 2011లో జతకట్టిన దగ్గర్నుంచి కెరొల్ లేన్ దగ్గరే ఉన్నారు. మాంట్రియాల్ గాలి అంత బలంగా వీచిన రోజుల్లో కూడా కదల్లేదు. ఏళ్ళ తరబడి ఆరు, ఏడు, ఎనిమిది స్థానాలు. వాళ్ళ ప్రోగ్రాములు విచిత్రమైనవని పక్కన పెట్టినవాళ్ళే చిత్రకారుడు వాన్ గో మీద చేసిన ఫ్రీ డాన్స్ చూసి నోరు మూసుకున్నారు. తర్వాత 2021, 2023లో ప్రపంచ కంచు, 2024, 2025లో వెండి. ఈ జంట మీద నాకు చాలా అభిమానం, అందుకే ఇంకో పేజీ రాయగలను గానీ సంపాదకులు ఒప్పుకోరు.

వర్చూ, మోయర్ సంగతి ఇంకో రకం. 2014 సోచీ ఒలింపిక్స్‌లో తమ కోచ్ శిష్యులే అయిన డేవిస్, వైట్ చేతిలో ఓడి, రెండేళ్ళు పోటీలకి దూరంగా ఉండి, 2016లో తిరిగొచ్చి మాంట్రియాల్‌లో చేరారు. అక్కడ కూడా ప్రధాన ప్రత్యర్థులు పపడాకిస్, సిజెరాన్ అదే రింక్‌లో, అదే కోచ్‌ల దగ్గర! కాంటన్‌లో పడిన ఇబ్బందే మళ్ళీ కోరి తెచ్చుకున్నారని చాలామంది అన్నారు. కానీ ఈసారి వచ్చింది ముప్పైకి దగ్గరపడిన ఇద్దరు పెద్దవాళ్ళు, తమకేం కావాలో తెలిసి వచ్చారు. పక్కనే అందరూ మెత్తగా జారుతుంటే వీళ్ళు అమెరికా గాయకుడు ప్రిన్స్ పాటలకి ఊగిపోయారు, 2018లో మూలాన్ రూజ్ సినిమా సంగీతంతో మండిపోయారు. ప్యాంగ్‌చాంగ్‌లో 206.07కి 205.28, ఒక్క పాయింట్ కూడా లేని తేడాతో బంగారం. ఆ రెండు ఫ్రీ డాన్స్‌లు ఒకే గూటి నుంచి వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు. దాన్నిబట్టి ఆ అకాడమీ గురించి నేను పైన అన్న మాట కొంచెం సర్దాలి. అడిగి పట్టుబట్టినవాళ్ళకి అక్కడ వేరే దారి దొరుకుతుంది. పట్టుబట్టనివాళ్ళకి అందరికీ ఉన్న దారే.

మన ఇళ్ళలో గురువుని మార్చడం అంటే ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. స్కేటింగ్ అయినా, కూచిపూడి అయినా, సంగీతం అయినా. కానీ మనకి తెలిసిన పెద్దల్లోనే ఒక్క గురువు దగ్గర ఆగిపోనివాళ్ళున్నారు. వెంపటి చినసత్యం గారు తాడేపల్లి పేరయ్య శాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు, వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు, ఆపైన మద్రాసులో 1963లో తన అకాడమీ పెట్టి కూచిపూడిని తన చేత్తో మలిచారు. ఆయన్ని గురుద్రోహి అని ఎవరైనా అన్నారా?

మాట పడాల్సింది వదిలే పద్ధతి విషయంలో. సీజన్ మధ్యలో, జాతీయ పోటీలకి ముందు, ఒక మెసేజ్ పెట్టి మాయమైపోయే తల్లిదండ్రుల్ని ఇక్కడి రింకుల్లో చూస్తున్నాం, కోచ్‌కి బాకీ ఉన్న ఫీజు కూడా కట్టకుండా. అది తప్పు. వసంతంలో, సీజన్ అయ్యాక, ఎదురుగా కూర్చుని చెప్పండి, చెప్పేటప్పుడు పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టండి. దానికంటే ముందు పిల్లల్ని అడగండి, ఎందుకు మారాలనుకుంటున్నావు, అక్కడికి వెళ్ళి ఏం చెయ్యాలనుకుంటున్నావు అని. ఫలానా అమ్మాయి అక్కడ చేరాక గెలిచింది అన్నది ఒక్కటే జవాబైతే ఇంకో ఏడాది ఉన్నచోటే ఉంచండి. నాకు ఈ పాట కావాలి, వాళ్ళు వద్దంటున్నారు, నాకు ఇలా కదలాలనుంది, ఇక్కడ కుదరట్లేదు అని చెప్పగలిగితే డబ్బులు లెక్క చూసుకుని, దూరం లెక్క చూసుకుని, ఆ పిల్ల మాట వినండి.