‘క్లీనప్ చేస్తుంది’ అంటే చాలదా?

ఈమధ్య మన ప్రోగ్రామర్ల వృత్తి మీదికి కొత్త దబాయింపు ఒకటి వచ్చిపడింది. ఏఐ కోడింగ్ ఏజెంట్ (మనం చెబితే తనే కోడ్ రాసి, మార్చే ప్రోగ్రామ్) చేతికి టూల్ (అది పిలిచి వాడుకునే ఫంక్షన్) ఇచ్చేటప్పుడు, ఆ టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో అర్థమయ్యేలా రాసిపెట్టాలట. అర్థమయ్యేలా! ఫంక్షన్‌కి ‘ప్రాసెస్ డేటా’ అని పేరు పెట్టి, దాని నెత్తిన ‘డేటాను ప్రాసెస్ చేస్తుంది’ అని కామెంట్ రాసి, ఆ తృప్తితో సిస్టమ్ కట్టేసి ఇంటికెళ్ళిన తరం మాది. మాకిప్పుడు వ్యాసరచన పోటీ పెడుతున్నారు.

ఏజెంట్ తరఫు వకీళ్ళ వాదన ఇదీ: ఏజెంట్‌కి బుర్రగా పనిచేసే ఏఐ మోడల్ టూల్‌ని పిలుస్తుందే గానీ, టూల్ లోపలి కోడ్ దానికి చూపించరు. కనబడేవి మూడే: టూల్ పేరు, వివరణ, ఏయే పారామీటర్లు (టూల్‌కి అందించాల్సిన విలువలు) పంపాలో చెప్పే జేసన్ స్కీమా. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన మోడళ్ళకి ఫంక్షన్ కాలింగ్ తెచ్చినప్పుడూ ఇంతే, 2024 నవంబరులో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఏఐకి టూల్స్ తగిలించే ఉమ్మడి పద్ధతి) ప్రకటించినప్పుడూ ఇంతే. సరే, ఒప్పుకున్నాం. కానీ మా టీమ్‌లో చేరిన కొత్తవాళ్ళకి మేం చెప్పింది అంతకన్నా తక్కువే. వాళ్ళెవరూ గొడవ చేయలేదే! రెండు వారాలు బిక్కమొహం వేసుకుని తిరిగి, ఆ తర్వాత పక్కసీటువాళ్ళని అడిగి తెలుసుకున్నారు. ఏజెంట్‌కి పక్కసీటు లేకపోతే ఆ పాపం నాదా?

నా మీద నేరం మోపింది మాత్రం ‘క్లీనప్’ అనే టూల్ విషయంలో. రాసింది నేనే. వివరణ: ‘క్లీనప్ చేస్తుంది.’ ఆ క్లుప్తత గమనించండి. ఒకరోజు ఏజెంట్‌తో ‘ఈ ఫైల్లో వాడని ఇంపోర్టులు (బయటి కోడ్‌ని తెచ్చుకునే లైన్లు) తీసేసి కాస్త శుభ్రం చెయ్యి’ అన్నాను. శుభ్రం చేసే టూల్ దాని చేతిలో ఉండనే ఉంది. పిలిచింది. టెస్ట్ డేటాబేస్‌లో టేబుళ్ళన్నీ ఊడ్చుకుపోయాయి. పైగా ‘క్లీనప్ విజయవంతంగా పూర్తయింది’ అని రిపోర్టు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే.

ఇందాకటి మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ‘డిస్ట్రక్టివ్ హింట్’ అని ఒక గుర్తు ఉంది. టూల్ దేన్నైనా చెరిపేసే రకమా కాదా అని చెప్పడానికి. మనం నోరు విప్పకపోతే, చెరిపేసే రకమే అనుకోమని స్పెసిఫికేషన్‌లోనే రాసేశారు. ఎంత అవమానం! ఏజెంట్ మాటిమాటికీ అనుమతి అడుగుతుంటే విసుగొచ్చి, ఆ గుర్తుని ఫాల్స్ (కాదు) అని మార్చింది కూడా నేనే అనుకోండి. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

ఇంకో టూల్‌లో ‘డేట్’ అని పారామీటర్ ఉంది. టైపు స్ట్రింగ్, వివరణ ‘తేదీ’. ఏజెంట్ ‘03/04/2025’ అని పంపింది, మార్చి 4 అనుకుని. సర్వర్ దాన్ని ఏప్రిల్ 3 అనుకుంది. ఎవరి నమ్మకం వాళ్ళది. ఎర్రర్ కూడా రాలేదు. ‘2025-03-04 లాగా, ముందు సంవత్సరం’ అని ఒక్క ఉదాహరణ రాసి ఉంటే సరిపోయేదని ఇప్పుడంటున్నారు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడమంటే ఇదే కదా.

అలాగని రాసేవాళ్ళు ఉద్ధరిస్తున్నదీ లేదు. మా దగ్గర ‘గెట్ ఫైల్’, ‘ఫెచ్ ఫైల్’, ‘రీడ్ ఫైల్’ అని మూడు టూల్స్ ఉన్నాయి. మూడు టీములు విడివిడిగా కన్న పిల్లలు. మూడింటి వివరణా ఒకటే: ‘అతి ముఖ్యం! ఫైల్ చదవాలంటే ముందు దీన్నే వాడాలి!’ ఎన్నికల పోస్టర్లే. ఈ పోస్టర్లు ఏజెంట్ పని మొదలుపెట్టిన ప్రతిసారీ మోడల్ కాంటెక్స్ట్‌లో (అది ఒకసారి చదివే పాఠంలో) వచ్చి కూర్చుంటాయి, వాటి టోకెన్ల (మోడల్ లెక్కపెట్టే మాట ముక్కల) ఖర్చు మనదే. ఏజెంట్ చాలా సంస్కారంగా ప్రవర్తించింది. ఒకే ఫైల్‌ని మూడింటితోనూ చదివింది. ఎవరి మనసూ నొప్పించలేదు.

ఇంతమంది పట్టుబడుతున్నారు కదా అని, ఒక పూట కూర్చుని ‘క్లీనప్’ వివరణ తిరగరాశాను. టెస్ట్ డేటాబేస్‌లో టేబుళ్ళన్నీ తొలగిస్తుంది. తిరిగి తెచ్చుకోలేం. కోడ్ సర్దడానికీ, ఇంపోర్టులు తీయడానికీ దీన్ని వాడొద్దు. టెస్టులు మొదటినుంచీ నడపాలని యూజర్ తన నోటితో అడిగితేనే పిలవాలి. రాస్తూ రాస్తూ అనుమానమొచ్చి కోడ్ తెరిచాను. లాగ్ ఫోల్డర్ కూడా చెరిపేస్తోంది! ఎందుకు పెట్టానో నాకే గుర్తులేదు. అదీ రాశాను. మొత్తం ఐదారు వాక్యాలు. రివ్యూకి పంపాను.

‘చాలా బాగుంది సార్. కాకపోతే మరీ పొడుగైంది, కాస్త కుదిస్తారా?’

కుదించాను. ఇప్పుడు ప్రొడక్షన్‌లో ఉన్నది: ‘క్లీనప్ చేస్తుంది. జాగ్రత్త.’