ఏప్రిల్‌లో చేలో వరి ఎందుకుంది?

ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి గోదావరి జిల్లాల్లో ఒకటే గోల. గోదారిలో నీరు తగ్గింది, వంతులు పెట్టారు, శివారుకు తడి అందలేదు, ఎగువ సీలేరు జలాశయాల నుంచి ఎంత వదులుతున్నారు? రైతులు రాత్రిళ్లు తూముల దగ్గర కాపలా పడుకుంటారు. ఇంజనీర్లు సీలేరు మీది మోతుగూడెం పవర్‌హౌస్ వైపు, ప్రతిపక్షం ప్రభుత్వం వైపు చూస్తారు. చివరికి ఎలాగో గట్టెక్కామనిపించి కాలువలు కట్టేస్తారు. ఈ హడావిడిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అసలు ఏప్రిల్‌లో చేలో ఇంకా పచ్చి వరి ఎందుకుంది?

జవాబు రెండో పంట దాళ్వాలో దొరకదు, వానాకాలపు పంట సార్వాలో వెతకాలి. జూన్‌లో కాలువలకు నీళ్లొస్తాయి. పల్లపు మండలాల రైతు మాత్రం నారు పొయ్యడానికి జంకుతాడు. పోస్తే జులై వానకు నారుమడి మునుగుతుంది. నీరు రెండ్రోజుల్లో లాగేస్తే మొక్క బతుకుతుంది, వారం నిలిస్తే కుళ్లుతుంది. మళ్లీ విత్తనం, మళ్లీ దమ్ము, మళ్లీ కూలి. ఆగస్టులో ఊడ్చిన చేను, అందులోనూ 150 రోజుల స్వర్ణ రకం వరి అయితే, సరిగ్గా తుపాన్ల కాలంలో కోతకొస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. సార్వా ఆలస్యమైతే దాళ్వా నాట్లు జనవరి చివరికో ఫిబ్రవరికో జరుగుతాయి. గింజ పాలు పోసుకునే వేళకు గోదారిలో ఇసుక తేలుతుంది. అప్పుడు సీలేరును ప్రార్థిస్తాం. జులైలో మురుగు లాగకపోవడమే ఏప్రిల్‌లో నీటి కొరతై తిరిగొస్తోంది. ధవళేశ్వరం ఆనకట్ట కింద ఉన్న సుమారు పది లక్షల ఎకరాల్లో మెరక పొలాలను పక్కన పెడితే, మిగతా కథంతా ఇదే.

చిత్రమేమిటంటే సీలేరు నీళ్లు శబరిలో కలిసి, ఎగువన కూనవరం దగ్గర గోదారిలో పడతాయి. సముద్రం అంచున కోనసీమలో ఇంకో కూనవరం ఉంది, దాని పేరుతో ఓ డ్రెయిన్ ఉంది. దాని మొగ, అంటే సముద్రంలో కలిసే చోటు, ఇసుకతో పూడిపోతోందని రైతులు మొత్తుకోని ఏడాది లేదు. పై కూనవరం నుంచి నీళ్లు అడుక్కుంటాం, కింది కూనవరంలో నీళ్లు పోనివ్వం.

పశ్చిమాన ఎర్రకాలువ వాగుదీ ఇదే బాధ. మెట్ట వాన మోసుకొచ్చి, నందమూరు అక్విడక్టు (సాగునీటి కాలువను దాటించే వంతెన) కింద నుంచి దూరి, యనమదుర్రు డ్రెయిన్‌గా భీమవరం మీదుగా సముద్రం దారి పడుతుంది. దారి పొడుగునా గుర్రపుడెక్క, ఆక్రమణలు, చెరువు గట్లు. దీనికి తోడు దాళ్వాలో మనమే డ్రెయిన్లకు అడ్డంగా క్రాస్‌బండ్లు, అంటే మట్టికట్టలు, వేస్తాం. ఆ నీటిని ఇంజన్లతో శివారు చేలకు ఎత్తిపోస్తాం. అది అవసరమే, కాదనను. రొయ్యల చెరువుల ఉప్పునీరు అందులో కలవనంత కాలం ఆ నీళ్లు పంటకు పనికొచ్చేవి కూడా. మరి పంట కోశాక ఆ కట్టను పూర్తిగా తీసేది ఎవరు? తియ్యని చోట జులై వాన దాని మీదే ఆగుతుంది. దాళ్వాను కాపాడిన మట్టికట్టే సార్వాను ముంచుతుంది.

పోలవరం నిండితే ఈ బాధలన్నీ పోతాయన్నది అవతలి వాదన. వేసవిలో నిల్వ నీరు దొరకడం మేలే. కానీ ముంపు నీరు ఆ డ్యామ్ నుంచి రాదు, డెల్టా నెత్తిన కురుస్తుంది. తక్కువ నీటితో వరి పండించండి, తడి ఆరుతడి పద్ధతి పాటించండి అనేవాళ్లూ ఉన్నారు. చేలో పాతిన గొట్టంలో నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్ల లోతుకు దిగాక మళ్లీ తడి పెట్టాలన్నది శాస్త్రం. బాగుంది. అయితే చేను ఆరాలంటే నీరు పోయే దారి ఉండాలి కదా! మళ్లీ మురుగు కాలువ దగ్గరికే వచ్చాం.

ఇదేమీ నేను కనిపెట్టిన సంగతి కాదు. 1960లలోనే మిత్రా కమిటీ డెల్టా మురుగు మీద నివేదిక ఇచ్చింది. ఆ పేరు చెప్పి రైతు దగ్గర డ్రెయినేజీ సెస్సూ వసూలు చేశారు. 2011లో కోనసీమ రైతులు పంట వెయ్యమని పంట విరామం ప్రకటిస్తే మోహన్ కందా కమిటీ వేశారు. గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు అప్పుడూ వినిపించిన మాట ముంపే. 2022లో మళ్లీ పంట విరామం అన్నప్పుడూ అదే మాట.

ఈ మురుగు పని ఎందుకు కదలదంటే, నా అనుమానం మన భక్తి మీద. కట్టినవాడిని కొలుస్తాం, కాపాడేవాడిని మరిచిపోతాం. 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరను భగీరథుడన్నాం, ఊరూరా విగ్రహం పెట్టాం, మార్టేరు వరి వంగడానికి కాటన్ దొర సన్నాలు అని పేరూ పెట్టుకున్నాం. తప్పేం లేదు, ఆ గౌరవం ఆయనకు చెల్లుతుంది. కానీ ఆ ఆనకట్ట నీటిని చివరి చేను దాకా నడిపించింది లస్కరు, అంటే కాలువ చూసుకునే చిన్న ఉద్యోగి. ఏ లాకు ఎంత ఎత్తాలో, ఏ బోదె ఎక్కడ గండి పడుతుందో అతనికి తెలుసు. అతను రిటైరైతే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చి రైతుకే పెత్తనం అన్నారు. చేతిలో డబ్బు పెట్టకుండా పెత్తనం ఇస్తే దానితో ఏం చెయ్యాలి? పూడిక తీసిన కాలువకు శిలాఫలకం ఉండదు, రిబ్బను కత్తిరించే చోటూ ఉండదు. పైగా తీసిన పూడిక మరుసటి ఏడాదికి మళ్లీ చేరుతుంది కాబట్టి, తీశారో లేదో చూడ్డం బిల్లు రాసినవాడికి తప్ప ఎవరికీ పట్టదు.

కాటన్ పుట్టినరోజు మే 15. సరిగ్గా కాలువలు కట్టేసి, డ్రెయిన్లలో పని చేసుకోడానికి దొరికే కొద్ది వారాల మధ్యన పడుతుంది. ఆ ఉదయం ధవళేశ్వరంలో దండ వేసి దిగిన కార్లు వెనక్కి తిరక్కుండా కోనసీమలోకి సాగితే మధ్యాహ్నానికి కూనవరం మొగ చేరతాయి. అక్కడ పొక్లెయిన్ ఉందో లేదో, క్రాస్‌బండ్లు ఎన్ని తీశారో కళ్లారా చూడొచ్చు. వానలకు అప్పటికింకా నెల గడువుంటుంది.