చిన్న ఎం రాసినవాడికి శిక్ష ఏది?

బియ్యం బస్తా మీద "25 కేజీఎస్" అని మూడూ క్యాపిటల్ అక్షరాల్లో అచ్చేసేవాళ్లకి వ్యతిరేకంగా ఈ దేశంలో ఒక్క ధర్నా జరిగినట్టు నేను వినలేదు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పెద్ద కె అంటే కెల్విన్ అనే ఉష్ణోగ్రత ప్రమాణం, పెద్ద జి అంటే గిగా, పెద్ద ఎస్ అంటే సీమెన్స్, కరెంటు ఎంత సులువుగా పారుతుందో చెప్పే ప్రమాణం. మధ్యలో ఒక్క చుక్క పెట్టుకుని చదివితే ఆ బస్తాలో ఉన్నది పాతిక కెల్విన్ గిగాసీమెన్స్ సోనామసూరి. దాన్ని ఎసట్లో పొయ్యాలో, ఎర్తింగ్ ఇవ్వాలో వండేవాళ్లకి ఎవరు చెప్తారు? "విజయవాడ 40 కేఎంఎస్" అనే బోర్డుదీ ఇదే కథ, అక్కడ గిగా బదులు మెగా, అంతే. ప్యాకెట్ మీద బరువు చెప్పే అంకె కనీసం ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తుండాలో కూడా మన నిబంధనల్లో రాసి ఉంది. అంకెకి అంత పట్టింపు ఉన్న దేశంలో పక్కనున్న అక్షరానికి ఈ గతి.

"చిన్నదైతే ఏంటి, పెద్దదైతే ఏంటి, అర్థమైంది కదా" అనేవాళ్లు ఉంటారు. వీళ్లని క్షమించకూడదు. చిన్న ఎం పెడితే మిల్లీవాట్, పెద్ద ఎం పెడితే మెగావాట్, మధ్యలో తేడా వంద కోట్ల రెట్లు. ఇంకెక్కడైనా వంద కోట్ల తేడా వస్తే సీబీఐ ఎంక్వైరీ కావాలని రోడ్డెక్కుతాం.

నిజానికి రూల్ సులువే. ప్రమాణం పేరు పూర్తిగా రాస్తే చిన్న అక్షరంతో మొదలుపెట్టాలి, అది మనిషి పేరు మీద వచ్చిందైనా సరే. న్యూటన్ అంతటివాడు కూడా ప్రమాణం అయ్యాక చిన్న ఎన్. గుర్తుగా కుదిస్తే మాత్రం పెద్ద ఎన్. అంటే పెద్దాయనకి మర్యాద దక్కాలంటే పేరు మొత్తం పలకకూడదు, ఇనిషియల్‌తో సరిపెట్టాలి. ఎన్టీఆర్, వైఎస్సార్ అని పిలుచుకునే మనకి ఇది ఒకరు నేర్పక్కర్లేదు. మీటరు, సెకను లాంటివి ఏ మహానుభావుడి పేరూ మోయడం లేదు కాబట్టి వాటికి గుర్తులోనూ చిన్న అక్షరమే. (జర్మన్లకి ఈ గొడవ సగమే, నామవాచకం కనబడితే చాలు పెద్ద అక్షరం తగిలిస్తారు.)

ఇందులో అన్యాయం జరిగింది కెల్విన్‌కి. ఆయనకీ సెల్సియస్‌కీ ఇద్దరికీ ఒకప్పుడు డిగ్రీ ఉండేది. 1967లో ఈ ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ కూర్చుని కెల్విన్ డిగ్రీ పీకేసింది, అప్పటినుంచీ ఉత్త కెల్విన్. సెల్సియస్ డిగ్రీ జోలికి ఎవరూ పోలేదు సరికదా, పూర్తి పేరు రాసినప్పుడు కూడా పెద్ద సి ఆయన ఒక్కడికే. ప్రమాణం పేరు డిగ్రీ అట, దానికి చిన్న డి పెట్టాం కదా, సెల్సియస్ అనేది దాని పక్కన విశేషణం అట! ఇక కెల్విన్ అసలు పేరు విలియం థామ్సన్, లార్డ్ అయినప్పుడు గ్లాస్గో యూనివర్సిటీ దగ్గర పారే ఏటి పేరు పెట్టుకున్నాడు. కాబట్టి ఆ పెద్ద కె మీద హక్కు ఆయనదా, ఏటిదా అనేది కోర్టులో తేలాల్సిన విషయం. కంప్యూటర్లలో ఒక్కో అక్షరానికీ ఒక్కో నంబరిచ్చే యూనికోడ్‌లో ఆయనకంటూ విడిగా ఒక కెల్విన్ గుర్తు ఉంది, చూడ్డానికి అచ్చం మామూలు పెద్ద కె. ప్రోగ్రాంలో దాన్ని ఒక్కసారి చిన్న అక్షరంగా మారిస్తే మామూలు చిన్న కె అయి కూర్చుంటుంది, తిరిగి పెద్దది చేసినా కెల్విన్ రాడు. డిగ్రీ పోయినవాడికి గుర్తింపు కూడా పోయింది.

ప్రోగ్రామర్లకి ఈ విషయంలో నిలకడ లేదు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషకి మెమరీ ఇచ్చేటప్పుడు 512 పక్కన చిన్న ఎం పెడితే మెగాబైట్లని పెద్దమనసుతో అర్థం చేసుకుంటుంది. సర్వర్లలో అప్లికేషన్లని నడిపించే కుబర్నెటీస్ మాత్రం శాస్త్రం తప్పదు. మెమరీ 400 అని రాసి చిన్న ఎం పెట్టారా, 400 మిల్లీబైట్లు అడిగినట్టే, అంటే 0.4 బైటు. వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఈ హెచ్చరిక ఉంది, అంటే ఎంతమంది అర బైటు కూడా లేని ఇంట్లో అప్లికేషన్‌ని కాపురం పెట్టబోయారో ఊహించుకోండి. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు "అ" ఒక్కటి నిలబడాలంటేనే మూడు బైట్లు కావాలి. అదే కుబర్నెటీస్‌లో వెయ్యికి చిన్న కె, 1024కి పెద్ద కె పక్కన చిన్న ఐ. వెబ్ పేజీల రూపం దిద్దే సీఎస్ఎస్‌ని అడిగితే పిక్సెల్‌ని ఏ అక్షరాల్లో రాసినా ఒకటేనంటుంది. తేదీల దగ్గరికొస్తే జావాలో పెద్ద ఎం నెల, చిన్న ఎం నిమిషం, అది మర్చిపోయినవాడి రిపోర్టులో 47వ నెల జీతాలు పడతాయి.

చిన్న బి అంటే బిట్, పెద్ద బి అంటే బైటు, ఎనిమిది రెట్లు. ఇంటర్నెట్ ప్లాన్‌లో 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి పన్నెండున్నర మెగాబైట్లే. తెలుగులో రాస్తే రెండూ ఎంబీయే, కాబట్టి మోసం చేశారని ఎవరి కాలరూ పట్టుకోలేం. మన లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడా లేదు. అందుకే నా ప్రతిపాదన ఏంటంటే, ప్రపంచ అక్షర పరిమాణ మండలి ఒకటి పెట్టి దాని అధ్యక్ష పదవి తెలుగువాళ్లకే ఇవ్వాలి, ఈ తగాదాలో ఏ పక్షమూ లేనిది మనకే. పేరు కూడా నేనే సూచించగలను, మొహమాటం వల్ల ఆగుతున్నాను.

మండలి ముందుకి మొదట రావాల్సింది లీటరు కేసు. అది ఎవరి పేరూ కాదు కాబట్టి రూల్ ప్రకారం చిన్న ఎల్ ఉండాలి. కానీ చిన్న ఎల్ అచ్చం ఒకటి అంకెలా ఉంటుంది, ఒక లీటరు అని రాస్తే పదకొండు అని చదివేవాళ్లున్నారు. పెద్ద ఎల్ కావాలంటే పెద్దమనిషి కావాలి. ఈ ధర్మసంకటాన్ని 1978లో కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీకి చెందిన కెన్నెత్ వూల్నర్ ఒక్క దెబ్బతో తీర్చేశాడు. మనిషి లేకపోతే పుట్టిద్దాం, దానికేముంది అనుకుని, కెమిస్ట్రీ టీచర్ల పత్రికలో క్లాడ్ లీటర్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త జీవితచరిత్ర రాసిపడేశాడు. పద్దెనిమిదో శతాబ్దం, వైన్ సీసాలు చేసే కుటుంబం, గాజు కొలపాత్రల మీద పరిశోధన, అన్నీ పద్ధతిగా కుదిరాయి. మిల్లీ అని ఒక కూతురు కూడా ఉందని ప్రచారం. అది ఏప్రిల్ సంచిక అనే సంగతి పట్టించుకోకుండా నమ్మినవాళ్లు నమ్మారు.

మరుసటి ఏడు, 1979లో, మహాసభ ఏ శాస్త్రవేత్తా లేకుండానే పెద్ద ఎల్‌కి అనుమతిచ్చింది. చిన్న ఎల్‌నీ తియ్యలేదు. రెండూ చెల్లుతాయి, భవిష్యత్తులో మాత్రం ఏదో ఒకటే ఉండాలి, ఎలా వాడుతున్నారో గమనించి చెప్పండి అని తన కింద పనిచేసే తూనికలు కొలతల కమిటీకి అప్పజెప్పింది. కమిటీ గమనించింది. పదకొండేళ్లు గడిచాక, 1990లో, రెండిట్లో ఒకదాన్ని ఎంచుకోవడానికి ఇంకా సమయం రాలేదని తేల్చింది. ఇంతటి వివేకం ఉన్న కమిటీ ఉండగా కొత్త మండలి ఎందుకని మీరు అడగొచ్చు. నన్ను అందులోనే వేసుకున్నా అభ్యంతరం లేదు. ప్రయాణ భత్యం కిలోమీటరు లెక్కన ఇస్తే చాలు, ఆర్డరులో చిన్న కె ఉండేలా చూడండి.