సవరణ: షట్‌డౌన్‌లో సైనికుల జీతాలు

అమెరికాలో ప్రభుత్వ షట్‌డౌన్ (బడ్జెట్ ఆమోదం పొందక ప్రభుత్వ ఖర్చులు ఆగిపోవడం) గురించి మొన్న రాసినప్పుడు, 2013 నాటి చట్టం వల్ల యూనిఫాం సిబ్బందికి ఎప్పటికీ జీతం ఆగదని చెప్పాను. అది తప్పు. ఒబామా 2013 సెప్టెంబర్ 30న సంతకం చేసిన ఆ చట్టం 2014 ఆర్థిక సంవత్సరానికి మాత్రమే వర్తించింది.

ఆ తేడా ఎంత బరువైనదో 2018 డిసెంబర్ 22న మొదలై 35 రోజులు సాగిన షట్‌డౌన్ చూపింది. రక్షణ శాఖ బడ్జెట్ ముందే ఆమోదం పొందినందున సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, మెరైన్లు జీతాలు అందుకోగా, హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద పనిచేసే కోస్ట్ గార్డ్‌లోని సుమారు 42,000 మందికి 2019 జనవరి 15న రావలసిన జీతం పడలేదు. సముద్రంలో చిక్కుకున్నవారిని ఒడ్డుకు చేర్చే పని మాత్రం వాళ్లు మానలేదు. బోస్టన్ స్థావరంలో వాళ్ల కుటుంబాలకు దాతలు వంట సరుకులు పంచవలసి వచ్చింది. బకాయిలు తర్వాత అందిన మాట నిజమే, కానీ ఇంటి అద్దె అంతవరకు ఆగదు కదా.

2025 షట్‌డౌన్‌లో సైనికులకు అక్టోబర్ 15 నాటి జీతం కూడా 2013 చట్టం వల్ల కాక, రక్షణ శాఖ పరిశోధన నిధులను మళ్లించడం వల్లే అందింది. నా మాట నమ్మి అక్కడ సైన్యంలో ఉన్న తమవాళ్లకు ధైర్యం చెప్పిన పాఠకులను క్షమించమని కోరుతున్నాను.