ఉదయం ఏడు గంటల బోర్డు గారికి విజయనగరం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ "ఉదయం 7 గంటలకు తెరవబడును" బోర్డు గారి దివ్యసముఖమునకు,

ఇక్కడ అందరం క్షేమం. మీరు కూడా ఏదో ఒక దేశంలో, ఏదో ఒక తలుపు మీద, మేకుకి క్షేమంగా వేలాడుతూ ఉంటారని తలుస్తాం.

అమేజింగ్ రేస్ అనే టీవీ ఆటలో ఇద్దరిద్దరి జట్లు క్లూలు పట్టుకుని దేశదేశాలు పరిగెత్తుతాయి. వెళ్లిన చోటు ఇంకా తెరవకపోతే మీ ముందే ఆగాలి. ఆ ఆటలో ఎవరికి అన్యాయం జరిగినా జనం తిట్టేది, ఒక జట్టు ఇంకో జట్టుని వెనక్కి తిప్పి అదనపు పని చేయించే యూటర్న్‌నే. పాపం దాని తప్పేంటంటే, దాని మీద ఫొటోలు అంటిస్తారు. ఎవరు ఎవర్ని వెనక్కి తిప్పారో ఊరందరికీ తెలిసిపోతుంది. మీ మీద ఎవరి ఫొటో ఉండదు. మూడు గంటల ముందొచ్చిన జట్టునీ, మూడు నిమిషాల ముందొచ్చిన జట్టునీ ఒకే మెట్టు మీద కూర్చోబెట్టేసి, తెల్లారాక ఏమీ ఎరగనట్టు తలుపు తీయిస్తారు. యూటర్న్ మహా అయితే ఒక జట్టు గంట సమయం తినేస్తుంది. మీరు ఒక్క రాత్రిలో అందరి కష్టాన్నీ తినేసి మూతి తుడుచుకుంటారు. అందుకే ఈ ఉత్తరం దానికి కాకుండా మీకు రాయాల్సొచ్చింది.

మీ లెక్క ఓసారి కాగితం మీద పెడదాం. మజిలీ, అంటే ఒక విడత పరుగు, చివర గమ్యంగా పరిచిన చాప మీద కాలు పెట్టిన దగ్గర్నుంచి జట్టుకి మామూలుగా పన్నెండు గంటల విశ్రాంతి. మధ్యాహ్నం 1:10కి వచ్చినవాళ్లు రాత్రి 1:10కి బయల్దేరతారు. సాయంత్రం 4:25కి వచ్చినవాళ్లు తెల్లవారుజామున 4:25కి. మధ్యలో తేడా 3 గంటల 15 నిమిషాలు. తర్వాతి చోటికి గంటన్నర ప్రయాణం అనుకుంటే ముందువాళ్లు 2:40కి, వెనకవాళ్లు 5:55కి చేరతారు. మీరు 7 అన్నారు. ముందువాళ్లు నాలుగు గంటల ఇరవై నిమిషాలు దోమల్ని కొట్టుకున్నారు, వెనకవాళ్లు గంటా ఐదు నిమిషాలు. కిందటి మజిలీలో పరిగెత్తి సంపాదించింది దోమకాట్లలో తేడాగా మిగిలింది, అంతే.

మా విజయనగరం వాళ్లకి మిమ్మల్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. హౌరా–చెన్నై లైనూ, రాయగడ వైపు వెళ్లే లైనూ చీలే ఊరు మాది. రైలు గేటు అంటే ఏంటో పుట్టుకతోనే తెలుసు. బుల్లెట్ వాడు ఊరందర్నీ దాటుకుంటూ వచ్చి గేటు ముందు ఆగుతాడు. వెనకాలే పాలక్యాన్ల సైకిలు నింపాదిగా వచ్చి వాడి పక్కనే కాలు ఆన్చుతుంది. గూడ్సు వెళ్తుంది. గేటు లేస్తుందేమో అనుకుంటే అవతలి లైన్లో మెయిలు ఉందంటాడు. ఈలోగా కుడిపక్క రాంగ్‌సైడులో ఓ షేర్ ఆటో దూరి, అందరికంటే ముందుకొచ్చి ముక్కు పెడుతుంది. గేటు లేచాక మొదట దాటేది ఆ ఆటోయే. బుల్లెట్ వాడి ముందుచూపూ, పెట్రోలూ గాల్లో కలిసిపోయాయి. మీరు చేసేది అచ్చం ఇదే. కాకపోతే మిమ్మల్ని కెమెరాలో చూపిస్తారు, వెనకాల వాయిద్యం కూడా వేస్తారు.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి మీ తరఫు వాదన కూడా చెప్పేస్తాం. 2001 సెప్టెంబరు 5న అమెరికాలో సీబీఎస్ చానల్లో మొదలైన తొలి సీజన్లో, చివరికొచ్చేసరికి జట్ల మధ్య దూరం మరీ సాగిపోయింది. న్యూయార్క్‌లో గెలుపు తేలిపోయేసరికి మూడో జట్టు ఇంకా అలాస్కాలోనే ఉంది. ఆఖరి పరుగు చూద్దామని కూర్చున్న ప్రేక్షకుడికి ఇంతకంటే చప్పటి పెళ్లిభోజనం ఉండదు. పైగా ప్రతి పని దగ్గరా ఓ న్యాయనిర్ణేత, చాప దగ్గర స్వాగతం చెప్పే స్థానికులు, పోలీసు అనుమతి, అద్దెకి తీసుకున్న పడవలు ఉంటాయి. జట్లు ఒకటిన్నర రోజు తేడాతో ఒక్కొక్కటే వస్తుంటే వీళ్లందర్నీ అన్నాళ్లూ అక్కడే కూర్చోబెట్టి మేపాలి. విమానాల సంగతి మరోటి. ఒక జట్టుకి సీట్లు దొరికి, ఇంకో జట్టుకి దొరక్క పన్నెండు గంటలు వెనకబడితే అది వాళ్ల తెలివితక్కువేం కాదు. అలాంటప్పుడు మీరు అడ్డం నిలబడి వెనకవాళ్లకి ఊపిరి పోస్తారు. ఒప్పుకుంటాం.

అయితే ఈ దయ అన్ని చోట్లా ఒకేలా ఉండదేం? ఆటలో ఇచ్చిన కారు దారిలో చెడిపోతే వేరే కారిస్తారు, ఎదురుచూసిన సమయం మాత్రం తిరిగివ్వరు. నడిచి వెళ్లమన్న చోట టాక్సీ ఎక్కితే అరగంట శిక్ష, దానికి తోడు టాక్సీ వల్ల కలిసొచ్చిన సమయం కూడా కోసేస్తారు. అంటే దురదృష్టానికి పరిహారం లేదు, తప్పుకి నిమిషాలతో సహా లెక్క ఉంది. ఒళ్లు వంచి సంపాదించిన మూడు గంటలు మాత్రం రసీదు లేకుండా పోతాయి. ఇదేం కచేరీ న్యాయమండీ?

మిమ్మల్ని గుర్తుపట్టిన జట్టు మీ మెడలు ఎలా వంచుతుందో కూడా చెప్పుకుందాం, తర్వాత ఆడేవాళ్లకి పనికొస్తుంది. క్లూ చదవగానే మొదట అడగాల్సింది దారి కాదు, వేళ. గుడా, మ్యూజియమా, మార్కెట్టా, రేవా? ఎన్నింటికి తెరుస్తారు? హోటల్ కుర్రాడు చెప్పేస్తాడు. తెరిచే వేళలోంచి జట్టు చేరే వేళ తీసేస్తే ఎంత మిగులుతుందో, ఆధిక్యంలో అంత మేరకి చెల్లని నోటు. చెల్లని నోటు కోసం రాత్రి పూట టాక్సీవాణ్ణి తరమక్కర్లేదు, హాయిగా తినండి. ఇద్దరిలో ఒకరు పడుకోవాలి, రెండోవారు వరసలో సంచీ పెట్టుకుని కూర్చోవాలి. ఏడింటికి తలుపు తీసినప్పుడు గెలిచేది నిద్రపోయిన కాళ్లే.

18వ సీజన్ నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ పాస్‌ది కూడా ఇదే కథ. ఒక పని చెయ్యకుండా దాటించే చీటీ అది. మీకు ముందు వాడితే మిగిలిన నలభై నిమిషాలూ మీ మెట్టు మీద ఖర్చయిపోతాయి. మిమ్మల్ని దాటిపోయాక, చాపకి ముందు మరో తాళం లేదని తేల్చుకుని వాడాలి. యూటర్న్ కూడా అంతే. అది పడ్డ జట్టు, రెండు పనుల్లో ఒకటి ఎంచుకుని చేసే డీటూర్‌లో రెండో పని కూడా వెనక్కెళ్లి చెయ్యాలి. ఆ దెబ్బకీ చాపకీ మధ్య మీరు ఉన్నారంటే దెబ్బ మానిపోతుంది, పగ మాత్రం మిగిలిపోతుంది. ముందున్న జట్టు సరదాకి యూటర్న్ వాడటం శుద్ధ దండగ. యూటర్న్ బోర్డు దాటిపోయినవాళ్లని ఎలాగూ తిప్పలేరు. చివర్లో ఉండి, మన వెనక ఇంకొకరు ఉన్నారని ఖాయంగా తెలిసినప్పుడు వాడితే అది వ్యూహం. మిగతాదంతా మొహం చాటేసుకునే బతుకు.

ఆరో సీజన్ నుంచి ఒక మంచి రూలు పెట్టారు, ఒకే మనిషి ఆరుకి మించి రోడ్‌బ్లాకులు, అంటే జట్టులో ఒక్కరే చెయ్యాల్సిన పనులు, చెయ్యకూడదని. అంతకు ముందు జట్టులో బలమైనవాడే అన్నీ చేసేసి, రెండోవారు చప్పట్లు కొడితే సరిపోయేది. ఇప్పుడు ఎవరెన్ని చేశారో వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. అందరికీ ముందే చెప్పిన రూలు కాబట్టి దాని మీద ఎవరికీ కోపం లేదు. మీ వేళ మాత్రం మీ ఎదురుగా వచ్చి నిలబడేదాకా ఆట నడిపేవాళ్లు ఎవరికీ చెప్పరు.

ఈ ఆట మన దేశానికి చాలాసార్లు వచ్చింది. ఢిల్లీ, ఆగ్రా, జైపూర్, కోల్‌కతా, కొచ్చి చూసింది. మా వైపు ఓ మజిలీ పెట్టి చూడమనండి, మీ అవసరమే ఉండదు. "రైల్లో శ్రీకాకుళం చేరండి" అని క్లూ ఇస్తే చాలు, సగం జట్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, తీరా చూస్తే ఆమదాలవలసలో ఉంటాయి. ఊళ్లోకి ఇంకా పది కిలోమీటర్ల పైనే ఉంది. "పొందూరు" అని ఇస్తే ఇంకా మేలు. తొందరపడి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు పొందూరు స్టేషన్ కిటికీలోంచి చూసుకుంటూ దాటిపోతాడు. ప్యాసింజర్లో వేరుశెనగలు తింటూ వచ్చినవాడు దర్జాగా దిగుతాడు. ఇక ఒక్కో జట్టు వెంట కెమెరా మనిషి, సౌండ్ మనిషి కూడా తిరగాలి కాబట్టి ఎక్కడెక్కినా నాలుగు సీట్లు కావాలి. మా షేర్ ఆటోకి అదసలు లెక్కలోకే రాదు, ఇంకో ఆరుగురికి చోటుందంటాడు.

పొందూరులో రోడ్‌బ్లాక్ అంటే ఏం పెట్టాలో మేం చెప్తాం. వాలుగ చేప దవడ ఎముకతో, పళ్లున్న వైపుని గింజ మీది దూదిలోకి దించి దువ్వాలి. చూడ్డానికి తల దువ్వినంత తేలిక. గట్టిగా లాగారా, పోగు తెగి ముద్దవుతుంది. మరీ మెల్లిగా పోతే చెత్త గింజకే అంటుకుని ఉంటుంది. చెమట చేత్తో పట్టుకుంటే దూది వేళ్లకి చుట్టుకుంటుంది. అంత శ్రద్ధగా దువ్వితేనే 100 కౌంటు నూలు వస్తుంది, అంటే పౌను బరువులో 840 గజాల చిలపలు నూరు. విమానం దిగి పరిగెత్తుకొచ్చినవాడి చెయ్యి వణుకుతుంది, మెట్టు మీద నిద్రపోయినవాడి చెయ్యి వణకదు.

డీటూర్ పలాసలో పెట్టాలి. ఒక పక్క జీడిగింజ కొట్టి పప్పు తియ్యడం, ఇంకో పక్క తప్పెటగుళ్లు. జీడిగింజ తొక్కలో నూనె చేతికి తగిలితే పొక్కుతుంది, అందుకని ముందే చేతికి నూనో బూడిదో పట్టించుకోవాలి. అది అడగని జట్టు మర్నాడు సంచీ మొయ్యలేదు. పప్పు విరక్కుండా రావాలి, త్రాసులో తూగాలి. తప్పెటగుళ్లలో గుండె మీద రేకుతప్పెట కట్టుకుని గెంతుతూ వాయించాలి, గురువుగారు తల ఊపాలి. తెలివైన జట్టు త్రాసునే ఎంచుకుంటుంది. త్రాసుకి మొహమాటం లేదు. గురువుగారు పొద్దున మొదటి జట్టుకి ఆరుసార్లు తల అడ్డంగా తిప్పి, అన్నం వేళకొచ్చిన నాలుగో జట్టుకి రెండోసారికే నిలువుగా ఊపేస్తారు. చూసేవాళ్లు "వాళ్లు బాగా గెంతారు" అనుకుంటారు.

వేళల విషయంలో మీకు పెద్దన్నగారు కూడా మా జిల్లాల్లోనే ఉన్నారు. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది ఏడాదికి రెండు దఫాలే, మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరులో కొన్ని రోజులు, అదీ పొద్దున కాసేపు. మబ్బు పట్టిందంటే ఎంత ముందొచ్చినవాడైనా చేతులు కట్టుకుని ఇంటికెళ్లాల్సిందే. కానీ ఆయన రాత్రికి రాత్రి వేళ మార్చడు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే రోజున మా ఊళ్లో మజిలీ పెట్టారనుకోండి, కోట దగ్గర టాక్సీ అన్న మాటే మర్చిపోవాలి. ఆ రోజు ఊరు ఊరంతా గేటే. ఎప్పుడు లేస్తుందో అందరికీ ఏడాది ముందే తెలుసు.

కాబట్టి తమరికి మా మనవులు ఇవి. వచ్చిన వరసలో టోకెన్లు ఇప్పించండి. కొన్ని మజిలీల్లో మీవాళ్లే వచ్చినవాళ్లని వచ్చినట్టు పేరు రాయించుకుని, అరగంట తేడాతో మూడు బస్సులో మూడు విమానాలో పంపుతుంటారు. అక్కడ మూడు గంటల ఆధిక్యం కనీసం అరగంటగా బతికి బట్టకడుతుంది. ఆ పద్ధతే అన్ని చోట్లా పెట్టడానికి ఎవరు అడ్డు? రెండోది, మీరు వేలాడాలనుకుంటే మజిలీ మొదట్లో వేలాడండి. చాపకి ఒక్క పని ముందు తాళం వేసుకుని కూర్చుంటే, ఆ రోజు చేసిన పనులన్నీ తలుపు దగ్గర తోపులాటకి ముందు జరిగిన కాలక్షేపం అయిపోతాయి. మూడోది, ఎలిమినేషన్ లేని మజిలీలో అడ్డం పడకండి. అక్కడ ఆఖరివాడు ఎలాగూ బతుకుతాడు, ముందువాడిని కూడా ఎందుకు దోచుకోవడం? పోటీ కార్యక్రమాలకి ఎమ్మీ పెట్టిన మొదటి ఏడేళ్లూ, 2003 నుంచి 2009 దాకా, బహుమతి ఈ ఆటకే వచ్చింది. అందులో తమ వాటా ఎంతో అడగం. టోకెన్లు అడుగుతున్నాం.

జవాబు కోసం ఎదురుచూస్తూ,
గేటు దగ్గర ఆగినవాళ్లు,
విజయనగరం.

తా.క.: అందరికంటే ముందు అందాలని ఈ ఉత్తరం తెల్లవారుజామునే డబ్బాలో వేశాం. తీరా చూస్తే డబ్బా మీద కూడా తమరే ఉన్నారు, మధ్యాహ్నం 3 గంటలకి తీస్తారట. 2:59కి ఎవరైనా పరిగెత్తుకొచ్చి మిమ్మల్ని పొగుడుతూ ఓ కార్డు పడేస్తే, రెండూ ఒకే సంచీలో వస్తాయి.